ఏనుగులను చూసే అదృష్టం

"పిల్లల ఫొటోలు చూపించి దేశదేశాల్లో చెయ్యి చాచే పని" అని నా ఉద్యోగాన్ని నా ముఖం మీదే అన్నవాళ్లున్నారు. పెళ్లి పందిళ్లలో అన్నారు, బస్సుల్లో అన్నారు. మదనపల్లె బస్టాండులో టీ తాగుతూ ఒక పెద్దమనిషి గ్లాసు కింద పెట్టి మరీ అన్నాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఊరుకున్నాను. రిటైరయ్యాను కాబట్టి ఇక ఊరుకోను. ఇప్పుడు అదే పని మీద ట్యాబులు పట్టుకుని ఊళ్ల మీదికి వెళ్తున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీకూ ఈ మాట ఎవరో ఒకరు అనే ఉంటారు. వాళ్లకు జవాబు చెప్పే ముందు నేను చేసిన ఒక తప్పు వినండి. ఆ తప్పు వినకుండా నా జవాబు అర్థం కాదు.

మా సంస్థ పని చాలామందికి తెలియదు. ఎక్కడో దూరదేశంలో ఒక దాత మన ఊరి బిడ్డ ఫొటో చూసి, ఈ బిడ్డకు నేనున్నానని ఒప్పుకుంటాడు. అతను పంపేది ఆ బిడ్డ చేతికి రాదు. ఊళ్లో దాతలున్న పిల్లలందరి పేరిట వచ్చేది ఒకచోట చేరి, ఊరందరికీ పనికొచ్చే పనిగా మారుతుంది. బడికి నీళ్ల తొట్టి కావచ్చు, గొర్రెలకు మందులు కావచ్చు. ఆ బిడ్డకూ దాతకూ మధ్య నడిచేది ఉత్తరాలే, ఏడాదికి రెండు. ఆ ఉత్తరాలను తెలుగు నుంచి ఇంగ్లీషుకూ, ఇంగ్లీషు నుంచి తెలుగుకూ మార్చడం నా పని.

నేను బడిలో చదివింది పదో తరగతి వరకే. మాది నిమ్మనపల్లె దగ్గర పల్లె. మా నాన్న టమోటాలు తీసుకుని మదనపల్లె మండీకి వచ్చినప్పుడు నన్నూ వెంటబెట్టుకునేవాడు. వేలం ముగిసేదాకా ఆడపిల్ల మండీలో ఎందుకని గ్రంథాలయంలో కూర్చోబెట్టి వెళ్లేవాడు. ధర పడిపోయిన రోజు ఆయన ఆలస్యంగా వచ్చేవాడు, నేను ఎక్కువ పేజీలు చదివేదాన్ని. అక్కడి పెద్ద ఇంగ్లీషు నిఘంటువు బీరువాలో తాళం వేసి ఉండేది. వెళ్లినప్పుడల్లా అడిగి అడిగి విసిగిస్తే, చివరికి లైబ్రేరియన్ గారు నన్ను చూడగానే తాళంచెవి టేబులు మీద పెట్టేవారు. నాకు వచ్చిన ఇంగ్లీషంతా ఆ బీరువాలోంచి వచ్చిందే. కాలేజీ మెట్లెక్కినవాళ్ల ముందు ఈ మాట చెప్పడానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు. ఇప్పుడూ పడను.

మొదట పుంగనూరు ఆఫీసులో చేరాను. చేరిన ఏడాదే ఒక దాత నుంచి కంగారుగా ఉత్తరం వచ్చింది. తన బిడ్డ ఫొటోలో పక్కనున్న ఆవు అంత పొట్టిగా ఉందేమిటి, దానికి మేత లేదా, నేను దానికోసం కూడా ఏమైనా పంపాలా అని. ఆఫీసంతా నవ్వింది. నేను మాత్రం గ్రంథాలయంలో పశువుల పుస్తకాలు తిరగేసి, పుంగనూరు ఆవు జాతే పొట్టిదనీ, అదే దాని గొప్పదనమనీ ఒక పేజీ నిండా రాశాను. ఆ దాత ఎంత మురిసిపోయాడంటే, ఆ ఉత్తరం చూసి పైఆఫీసు నాకొక ప్రశంసాపత్రం పంపింది. నా పతనం అక్కడ మొదలైంది.

ఎందుకంటే ఆ తర్వాత నేను ఉత్తరాలను అనువదించడం మాని అలంకరించడం మొదలుపెట్టాను. పిల్లల ఉత్తరాలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. 'నేను బాగున్నాను. మీరు బాగున్నారా. మాకు ఒక ఆవు ఉంది. వాన పడింది.' ఆ వానకు నేను ఉరుములు చేర్చేదాన్ని, కొండల వెనకాల ఇంద్రధనుస్సు చేర్చేదాన్ని. నాకు వచ్చిన ఇంగ్లీషును ఎక్కడైనా వాడుకోవాలి కదా! చేర్చడంతో ఆగలేదు, తీసేయడమూ నేర్చుకున్నాను. నా టేబులు పైన గోడకు ఒక కాగితం అంటించి ఉండేది. ఉత్తరంలో అడగడం ఉండకూడదు, ఫిర్యాదు ఉండకూడదు, దాతను బెంగపెట్టే సంగతులు ఉండకూడదు. అలాంటి మాటలుంటే ఉత్తరం పైఆఫీసు నుంచి వెనక్కి వచ్చేది. బిడ్డ మళ్లీ రాయాలి, నేను మళ్లీ ఊరికి వెళ్లాలి, గడువు దాటిపోతుంది. అందుకని నేనే ముందుగా ఆ మాటలను మెత్తబరిచేదాన్ని. బిడ్డకు మేలు చేస్తున్నాననే అనుకునేదాన్ని.

తర్వాత కుప్పం ఆఫీసుకు మార్చారు. అక్కడి మేనేజరు నాకంటే చాలా చిన్నవాడు, సోషల్ వర్కులో పెద్ద చదువు చదివినవాడు. నన్ను 'లైబ్రరీ మేడమ్' అని పిలిచేవాడు. సగం ఎగతాళి, సగం గౌరవం. చెడ్డవాడు కాదు. గడువులంటే భయపడే మనిషి, అంతే.

రామకుప్పం వైపు అడవి అంచున ఒక ఊరు. ఆ ఊళ్లో రాగి చేను, నాలుగు గొర్రెలు ఉన్న ఒక తల్లి, తొమ్మిదో తరగతి చదివే ఆమె కూతురు. ఆ బిడ్డకు ఒక ముసలి దాత ఉండేది, రిటైరైన టీచరమ్మ. ఒక డిసెంబరులో ఆ బిడ్డ ఉత్తరానికి వచ్చిన జవాబూ, దానితోపాటు ఒక పార్సెలూ పట్టుకుని నేను ఆ ఊరికి వెళ్లాను.

బడి ఉన్న రోజు, పదకొండు గంటలు. ఆ బిడ్డ ఇంట్లో ఉంటుందని అనుకోలేదు. పార్సెలు తల్లికి చూపించి సంతకం తీసుకుని పోదామని వెళ్లాను. చూస్తే బిడ్డ గొర్రెలకు ఆకు కొడుతోంది.

"ఏమ్మా, బడికి పోలేదా?"

బిడ్డ తలెత్తలేదు. తల్లి చేటలో రాగులు చెరుగుతూనే జవాబిచ్చింది. "మాన్పించి నెలయిందిలేమ్మా. ముందు పార్సెలు సూపియ్యి. ఏముండాదో సూద్దాము."

చుట్టుపక్కల ఆడవాళ్లు నలుగురు చేరారు. విదేశీ పార్సెలంటే ఎవరికైనా వేడుకే. విప్పితే లోపల మెత్తటి బూడిదరంగు బొమ్మ ఏనుగు. మెడకు ఎర్ర రిబ్బను. ఆడవాళ్లు దగ్గరికి వంగి చూశారు. తర్వాత ఒక అవ్వ పగలబడి నవ్వింది.

"ఓయమ్మా! మన రాగులు తిని కొవ్వెక్కింది సాలక, పార్సెలులో గూడా వచ్చేసిందే!"

అందరూ నవ్వారు, తల్లి తప్ప. "ఇదేందమ్మా?" అంది నా వైపు చూస్తూ. "ఉత్తరం సదువు."

చదివాను. చదవడం నా పని కదా. 'నీ ఉత్తరం నాకెంతో నచ్చింది. ఇంటి పక్కనే ఏనుగులను చూసే అదృష్టం నీకుందని రాశావు. నువ్వు వాటిని అంతగా ప్రేమిస్తావు కాబట్టి, రాత్రి పక్కన పెట్టుకుని పడుకోవడానికి ఈ బొమ్మ పంపుతున్నాను.'

బిడ్డ కొడవలి కింద పెట్టింది. "నేనట్ల రాయలేదక్కా," అంది. కోపంగా కాదు, చాలా నెమ్మదిగా. "నేనేం రాసినానో నీకు తెల్దా?"

నాకు తెలుసు. నోటు పుస్తకంలోంచి చించిన కాగితం మీద గుండ్రటి అక్షరాలతో ఆ బిడ్డ ఏం రాసిందో, మూడు నెలల కిందటే చదివి, గోడ మీది కాగితం చూసి, దాన్నేం చేశానో నాకు బాగా తెలుసు. 'ఏనుగులు వచ్చి మా రాగి చేను తొక్కినాయి. పదో తరగతికి సాయంత్రం క్లాసులు పెడతారంట. బడి నుంచి అడవి పక్కన నడిచి రావాల. పొద్దు మునిగితే ఏనుగులు దావలోకి వస్తాయి. అమ్మ బడి మాన్పిస్తానంటాంది. నాకు చదవాలని ఉండాది.' ఇందులో నేను మిగిల్చింది అడవి, ఏనుగులు. మిగతాదంతా ఊడ్చేసి 'అదృష్టం' అన్న మాట పెట్టాను. ఆ రోజు అది నాకు అందమైన వాక్యంలాగే కనిపించింది కూడా.

ఇంకో సంగతి చెప్పాలి. దాతకు వెళ్లే కాగితం మీద పైన బిడ్డ రాసిన తెలుగు, కింద మా ఇంగ్లీషు రెండూ ఉంటాయి. అంటే ఆ టీచరమ్మ చేతిలో నిజం కూడా ఉంది. నా అబద్ధానికి నాలుగు అంగుళాల పైన, ఆమెకు చదవడం రాని అక్షరాల్లో.

"తప్పు నాదే తల్లీ," అన్నాను.

"తప్పు ఎవురిదైతే ఏముండాదిలే," అంది తల్లి. "ఏనుగు తొక్కితే నా బిడ్డే గదా పొయ్యేది. నా అన్న కొడుకును తొక్కింది, ఆ దావలోనే. అందుకే మాన్పిచ్చినా. నేనేం సదువు వద్దనే దాన్ని కాదు, రాసుకో. అదన్నా సరిగ్గా రాసుకో."

మధ్యాహ్నానికే కుప్పం చేరి మేనేజరు ముందు కూర్చున్నాను. సరైన అనువాదం మళ్లీ పంపుతానన్నాను. నేనే మార్చానని కింద రాసి సంతకం పెడతానన్నాను.

అతను తల పట్టుకున్నాడు. "మేడమ్, ఒక్క ఉత్తరం మార్చామని ఒప్పుకుంటే మన యూనిట్ ఉత్తరాలన్నీ తీసి చూస్తారు. మీవి ఎన్నుంటాయి అలాంటివి?"

"లెక్క పెట్టలేదు."

"చూశారా! రెండు వారాల్లో ఢిల్లీ పైఆఫీసు నుంచి మేడమ్ వస్తుంది. ఆ ఊళ్లోనే మీటింగు. అది అయిపోనివ్వండి. వచ్చే దఫా ఉత్తరంలో మెల్లగా సర్దుదాం."

"వచ్చే దఫాకు ఆ బిడ్డ గొర్రెల వెంట ఉంటుంది."

"నేను ఒక బిడ్డను చూడలేను మేడమ్, ప్రోగ్రాంను చూడాలి." ఆ మాట అన్నాక అతనికే బాగాలేనట్టుంది, తల దించుకుని ఫైలు సర్దాడు. "మీటింగులో ట్రాన్స్‌లేషన్ మీదే. కొంచెం జాగ్రత్త."

నేను ఆ రోజే ఎదిరించి ఆ ఉత్తరం పంపించానని చెప్పగలిగితే బాగుండేది. పంపలేదు. రెండు వారాలూ నోరు మూసుకుని పనిచేశాను. నాకున్న నాలుగు ఇంగ్లీషు ముక్కలు తప్ప ఇంకో జీవనాధారం లేదు. ధైర్యం గురించి గ్రంథాలయంలో చాలా చదివాను కానీ, అది పుస్తకంతో పాటు ఇంటికి ఇవ్వరు.

మీటింగు బడి వరండాలో పెట్టారు. ఏడాదికొకసారి ఊరంతా కూర్చుని ఆ సంవత్సరం ఏ పని చేయాలో తేల్చుకోవాలి. అది మా పద్ధతి, మంచి పద్ధతి. కానీ మేము ఊరికి వెళ్లేలోపే మా చేతిలో జాబితా అచ్చయి ఉండేది. పిల్లలకు స్కూలు బ్యాగులు, పెరటి తోటకు విత్తనాలు, చేతులు కడుక్కోవడం మీద శిక్షణ. ఊరివాళ్లు తల ఊపితే 'గ్రామస్థులు కోరారు' అని రాసుకునేవాళ్లం. ఢిల్లీ నుంచి వచ్చిన ఆవిడ నడివయసు మనిషి. తెలుగు ఒక్క ముక్క రాదు, కానీ చూపు మాత్రం మనిషి మీది నుంచి కదిలేది కాదు. ఆమె పక్కన నేను, నా పక్కన మేనేజరు.

జాబితా చదవడం అయింది. అప్పుడు ఆ తల్లి లేచింది. కొంగు కింది నుంచి బొమ్మ ఏనుగును తీసి, నీళ్ల సీసాకూ పూలదండకూ మధ్య టేబులు మీద నిలబెట్టింది. వరండా అంతా నవ్వు.

"నవ్వండప్పా, బాగా నవ్వండి," అంది ఆమె. "నా బిడ్డ ఏనుగంటే బయంగా ఉండాది, సదువుకోవాలని ఉండాది అని రాస్తే, ఆడికి పొయ్యేతలికి ఏనుగంటే పానం అని అయిపోయినాది. ఆ దేశంలో దొరసానమ్మ ఏం సేస్తాది పాపం? ఆయమ్మకు సెప్పింది నమ్మి బొమ్మ పంపిచ్చింది."

మేనేజరు నా చెవి దగ్గర గొణిగాడు. "బొమ్మకు థాంక్స్ చెప్తోందని చెప్పండి."

ఢిల్లీ ఆవిడ నా వైపు తిరిగింది. నా ముందు ఏనుగు, ఎర్ర రిబ్బను. వరండా చివర స్తంభానికి ఆనుకుని ఆ బిడ్డ. ఇన్నేళ్లలో నేను ఎవరి మాటనైనా వాళ్లు వింటుండగా అనువదించడం తక్కువ. ఎప్పుడూ ఆఫీసులో ఒక్కదాన్నే కాగితంతో ఉండేదాన్ని. కాగితం మనల్ని తిరిగి చూడదు. ఆ బిడ్డ చూస్తోంది.

ప్రతి మాటా ఉన్నదున్నట్టు చెప్పాను. భయం అన్నచోట భయం అనే చెప్పాను.

ఆవిడ అడిగింది. "ఉత్తరం మార్చింది ఎవరు?" ఆ ప్రశ్నను తెలుగులోకి మార్చి తల్లిని అడగాల్సింది నేనే. అడిగాను.

తల్లి నన్ను సూటిగా చూసింది. ఇద్దరికీ తెలిసిన సంగతే. "ఈయమ్మే," అంది. "మంచి మనిషే. మా ఇంటికొస్తే మజ్జిగ గూడా అడగదు. కానీ మార్చింది మాత్రం ఈయమ్మే."

నేను ఆవిడ వైపు తిరిగి, 'నేనే మార్చాను' అని ఇంగ్లీషులో చెప్పాను. మంచి మనిషినన్న ముక్కను మాత్రం అనువదించలేదు. నా ఉద్యోగంలో నేను కావాలని వదిలేసిన ఆఖరి మాట అదే.

మేనేజరు కళ్లు మూసుకున్నాడు. ఊరి పెద్ద రైతు ఒకాయన లేచి సర్దబోయాడు. "పోనీలేమ్మా, ఇచ్చే బ్యాగులు యాల పోగొట్టుకోవల్ల? వచ్చినకాడికి తీస్కోని..."

"బ్యాగు ఏసుకోని యాడికి పోవల్లప్పా?" తల్లి గిర్రున తిరిగింది. "గొర్రెల యెనకాలా?"

దాంతో ఆడవాళ్లందరూ ఒక్కసారి అందుకున్నారు. ఎవరి మాట వినాలో, ఏది ముందు చెప్పాలో నాకు తెలియలేదు. ఒక్కొక్కరే చెప్పండని అరిచాను. నాలుగు పల్లెల నుంచి ఆ బడికి వచ్చే ఆడపిల్లలు ఏడాదికేడాది ఎలా తగ్గిపోతున్నారో చెప్పారు. బ్యాగులు మాకొద్దు, సాయంత్రం బడి వదిలే వేళకు ఒక ఆటో కావాలన్నారు. డ్రైవరు మా ఊరివాడే ఉండాలి, ఏనుగుల మంద యాడుండాదో అడవి కాపలావాళ్లకు ఫోను చేసి కనుక్కున్నాకే బండి కదలాల అన్నారు. మా అచ్చు జాబితాలో లేని ఈ ఏర్పాటంతా వాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. మేమే అడగలేదు.

"ఒక బిడ్డ పేరుతో వచ్చింది ఇంకో బిడ్డ ఆటోకి పెడితే, దాతలు ఒప్పుకుంటారా?" అని మేనేజరు నెమ్మదిగా అడిగాడు. అడ్డుపడటానికి కాదు, నిజంగానే తెలుసుకోవాలని.

పార్సెలు విప్పిన రోజు పగలబడి నవ్విన అవ్వ జవాబిచ్చింది. "మేము బిడ్డ ఫొటో ఇచ్చినప్పుడు నువ్వేగా సెప్పినావు, ఒక బిడ్డకు కాదు, ఊరికి అని. ఇప్పుడు నువ్వే మర్సిపోతే ఎట్ల నాయనా?"

అదీ అనువదించాను. ఢిల్లీ ఆవిడ పెన్ను తీసి జాబితాలో బ్యాగుల వరుసను కొట్టేసింది. పక్కన ఆటో అని రాసి, ఏనుగు బొమ్మను తల్లి చేతికి తిరిగి ఇచ్చింది.

నాకు మెమో వచ్చింది. ఇంద్రధనుస్సులు చేర్చినన్నాళ్లూ ప్రశంసాపత్రాలు ఇచ్చిన ఆఫీసు, ఒప్పుకున్న రోజున మెమో ఇచ్చింది. మెమో తప్పని అనను. చాలా ఏళ్లు ఆలస్యమైందని మాత్రం అంటాను. ఉత్తరాల పని నుంచి తీసేసి మదనపల్లె ఆఫీసులో ఫైళ్లు సర్దమన్నారు. బీరువాల మధ్య బతకడం నాకు కొత్త కాదు, మధ్యాహ్నం భోజనం వేళ గ్రంథాలయానికి నడిచి వెళ్లేదాన్ని. గోడ మీది కాగితాన్ని కూడా మార్చారు. ఫిర్యాదు ఉండకూడదన్న వరుసను తీసేశారు. అది నా విజయమని ఎవరూ అనలేదు, నేనూ అనను. స్తంభానికి ఆనుకున్న బిడ్డది అది.

ఇప్పుడు నా జవాబు. బస్టాండులో గ్లాసు కింద పెట్టిన ఆ పెద్దమనిషి ఇది చదవాలి. చెయ్యి చాచింది ఆ బిడ్డ కాదయ్యా. ఆ బిడ్డ ఉన్నది ఉన్నట్టు రాసింది. దాన్ని అడుక్కోవడంలా కనబడకుండా చేయాలని తంటాలు పడింది నేను. అవమానం ఫొటోలో లేదు, సాయంలో లేదు. నిజం చెప్పే బిడ్డ నోటికి మనం అడ్డం పెట్టే మంచి ఇంగ్లీషులో ఉంది. దూరాన ఉన్న మనిషికి ఈ ఊరి నిజం తెలిసినప్పుడు ఆటో వస్తుంది, తెలియనప్పుడు బొమ్మ వస్తుంది. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ ట్యాబులో 'సరిచేయి' అని ఒక మీట ఉంటుందట. నొక్కే ముందు ఒకసారి తలెత్తి చూడండి, ఎదురుగా ఎవరున్నారో.

ఆ తర్వాతి జూన్ దాటాక ఒక రోజు కుప్పం నుంచి వచ్చిన ఫైళ్ల కట్టలో ఒక ఉత్తరం విడిగా ఉంది. మేనేజరు చేతిరాతతో ఒక చీటీ గుచ్చి ఉంది. 'లైబ్రరీ మేడమ్, రూలు ప్రకారం ఇది మీకు పంపకూడదు. మీరే చేయండి.'

నోటు పుస్తకంలోంచి చించిన కాగితం. గుండ్రటి అక్షరాలు.

'నేను బాగున్నాను. మీరు బాగున్నారా. నేను పదో తరగతిలో ఉండాను. సాయంత్రం ఆటోలో ఇంటికి వస్తాండాను. మీరు పంపిన ఏనుగును ఆటో ముందర కట్టినాము. అది మంచి ఏనుగు. అడవిలోవి మాత్రం మీరనుకున్నంత మంచివి కాదు. నిన్న మా లెక్కల సారు నన్ను తిట్టినాడు. అక్కా, ఇది నీకు. ఒక్క మాట కూడా మార్చవద్దు.'

ఇంద్రధనుస్సు లేదు, ఉరుము లేదు. లెక్కల సారు తిట్టు తిట్టుగానే ఉంచాను. చివరికొచ్చాక కాసేపు ఆగాను. అది దాతకు రాసిన మాట కాదు, నాకు రాసిన మాట. వదిలేయవచ్చు.

దాన్ని కూడా అనువదించాను.